నలభై, అటు రెండు ఇటు రెండు

రోజు 1. లెక్క: 0

ఈ పుస్తకానికి పది మార్కులు. అందుకే రాస్తున్నాను. లేకపోతే డైరీలు రాసుకునే సరదా నాకు ఏనాడూ లేదు. అబద్ధం రాస్తే పట్టా రద్దు అని మొదటి పేజీలోనే అచ్చు వేశారు, కాబట్టి నిజమే రాస్తాను.

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పట్టాకి ఏమేం కావాలో మా విభాగం గోడ మీద పలక వేలాడుతుంటుంది. ఎనిమిది పేపర్లు, అయిపోయాయి. అన్నీ కలిపి ఒక పెద్ద పరీక్ష. దానికి పదిహేడు మంది కూర్చుంటే నలుగురం మిగిలాం. ఒక సెమినారు. ఆ రోజు నా గొంతు పోయింది, అయినా గట్టెక్కాను. ఇక మిగిలింది వార్డు ఏడాది. సముద్రానికి అడ్డంగా వేసిన కట్ట కింద, నీటి వైపున్న ఒక వార్డుని మనకి అప్పగిస్తారు. ఏడాదిలో అక్కడ ఎంతమంది చనిపోతారో, ఆ అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో ముందే రాసి సీలు వేసి ఇవ్వాలి. అక్కడే కాపురం ఉండి లెక్కపెట్టాలి. మూడువందల అరవై అయిదో రోజు మధ్యాహ్నం పన్నెండుకి లెక్క మూస్తారు. రాసిన హద్దుల్లో పడితే పట్టా, కట్ట మీద ఇల్లు. పడకపోతే రెండో అవకాశం లేదు. ఆ వార్డు జనం జాబితాలోనే నా పేరూ కలిపేస్తారు.

నాకిచ్చింది పందొమ్మిదో వార్డు. ఆరువందల పన్నెండు మంది. నేను రాసిన అంకె నలభై, అటు రెండు ఇటు రెండు.

మా గైడు అనసూయ గారు గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఆ అంకె చూసి కూడా మెల్లగానే అన్నారు. "నలభైకి వర్గమూలమే ఆరు దాటుతుంది కదమ్మా, నువ్వు రెండంటావేమిటి? ఆరు రాసుకో, నియమం ఒప్పుకుంటుంది." గుంపుని చూసి లెక్కవేసేవాళ్లకి ఆరు కావాలి గానీ నాకెందుకు అన్నాను. ఆరువందల పన్నెండు మందికీ ఒక్కొక్కరికి విడివిడిగా వేశాను. వయసు, దగ్గు, ఎన్నో అంతస్తు, నీటికి ఎన్ని మెట్ల ఎత్తు, అన్నీ చూశాను. పైగా హద్దు ఎంత ఇరుకైతే క్లాసు అంత పెద్దది. ఆవిడ సీలు వేశారు.

రోజు 6. లెక్క: 0

పందొమ్మిదో వార్డంటే ఏడు అపార్టుమెంట్లు. కింది రెండేసి అంతస్తులు సముద్రం తినేసింది. మేడకీ మేడకీ మధ్య బల్లలు పరిచారు, వాటి మీదే నడక. నాకు మూడో మేడలో గది ఇచ్చారు. గోడలకి బూజు రోజూ తుడవాలి. ఒక్క రోజు బద్ధకిస్తే మర్నాడు పచ్చగా కనబడుతుంది. ఆ బూజు వల్లే ఇక్కడ తడి దగ్గు. అది పట్టినవాళ్లకి ఆరు గంటల్లోపు ఆవిరి మందు పడాలి. పడితే బతుకుతారు, లేకపోతే ఊపిరి ఆడక పోతారు.

మందుల పడవని పిలిచే పెట్టె నా గదిలోనే ఉంది. రోగి పేరు రాసి నా బొటనవేలు ఆనిస్తే గంటలో పడవ వస్తుంది. వేరేవాళ్ల వేలు పనిచేయదు. పోయినవాళ్ల పేర్లు రాసేది కూడా అందులోనే. నియమం ఆరు: పరిశీలకులు తొందరపెట్టరాదు, ఆపరాదు.

ఇక్కడివాళ్లు రోగి పేరు పైకి చెప్పరు. చెబితే పెట్టె ఆ పేరుని దాచుకుని మళ్లీ అడుగుతుందట. అందుకని తమ ఇంటి చెంబు తెచ్చి నా గడప దగ్గర బోర్లించి వెళ్లిపోతారు. ఏ చెంబు ఏ ఇంటిదో నేను గుర్తు పెట్టుకోవాలి. చూసి పడవని పిలిచాక చెంబుని నిలబెట్టాలి. నిలబడి ఉంటే ఆ ఇంటివాళ్లు నిశ్చింతగా ఎదురుచూస్తారు, రెండోసారి రారు. రెండోసారి రావడమంటే రోగాన్ని లాక్కొచ్చుకోవడమేనట. ఈ సంగతులన్నీ నాకు చెప్పింది పక్కవాటా తాతారావు. పాత మాస్కులు విప్పి, దులిపి, కొత్త గుడ్డ వేసి కుట్టడం అతని పని. నలభై రెండేళ్లు, దున్నపోతులా ఉంటాడు. నా లెక్కలో అతను పోయే అవకాశం సున్నా పాయింటు సున్నా రెండు. అతని భార్య బుల్లెమ్మ వచ్చిన రోజే నాకు చేపల పులుసు పెట్టింది. వాళ్లని బాబాయ్, పిన్ని అంటున్నాను. వాళ్లకి నేను లెక్కలమ్మని.

రోజు 33. లెక్క: 4

నాలుగు అయ్యాయి. నా పట్టీలో మొదటి యాభైలోని పేర్లే. సంతోషించాను, అవును, రాస్తున్నాను కదా.

నేనూ కట్ట కింద పుట్టినదాన్నే. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అమ్మ పోతే, ఒకాయన గొడుగు వేసుకొచ్చి గుమ్మంలో నిలబడి అంకె వేసుకుని పోయాడు. చెప్పులు కూడా తడవలేదు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన ఎక్కడ చదువుకున్నాడో కనుక్కున్నాను.

ఈ అంకెలతో కట్ట మీద ఏం చేస్తారో కూడా రాయాలి. ఒక వార్డు లెక్క పాసైతే దాన్ని నమ్ముతారు. మరుసటి ఏడు ఆ వార్డులో పోబోయేవాళ్ల జాబితాని పట్టా అందుకున్నవాళ్లే రాసిస్తారు. జాబితాలో ఉన్నవాళ్ల కోసం పడవ రాదు. ఎలాగూ పోయేవాళ్లకి మందు దండగ. లెక్క తప్పితే ఆ వార్డుకి ఇంకో ఏడాది అందరికీ పడవ వస్తుంది. పందొమ్మిదో వార్డులో నాకు ముందు ముగ్గురు వచ్చి ముగ్గురూ తప్పారు. వాళ్లలో ఒకడు ఎదురు మేడలో వలలు అల్లుకుంటున్నాడు. పలకరిస్తే తల తిప్పుకుంటాడు. పెద్ద పరీక్షలో వాడికి నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయట.

రోజు 118. లెక్క: 17

కొంప మునిగేలా ఉంది. ఇదే ఊపులో పోతే ఏడాదికి యాభై రెండు తేలతాయి. నా పై హద్దు నలభై రెండు. పదిహేడులో ఆరుగురి పేర్లు నా పట్టీలో ఎక్కడో అడుగున ఉన్నాయి. చెంబు తేవడానికే మొహమాటపడి, రేపు చూద్దాంలే అనుకుని పోయినవాళ్లు. మనుషులు ఇంత వెర్రిబాగులవాళ్లని నా లెక్కలో గడి పెట్టుకోలేదు.

రేపటి నుంచి నేనే ఇల్లిల్లూ తిరుగుతాను. వీపు మీద చెవి ఆనించి వింటాను. ఎవరికి తడి దగ్గు మొదలైనా చెంబు కోసం ఆగకుండా పడవని పిలుస్తాను. ఇది తొందరపెట్టడం అవుతుందా అంటే, చావుని తొందరపెట్టకూడదని గానీ మందుని తొందరపెట్టకూడదని నియమంలో లేదు. ఇది దయ కాదు. పది తగ్గాలి, అంతే.

రోజు 203. లెక్క: 25

తగ్గింది. పొద్దున్నే మూడు మేడలు, సాయంత్రం నాలుగు మేడలు. నీళ్లు మరిగించి తాగడం, వేపాకు ఆవిరి పట్టడం, గోడలు సున్నంతో తుడవడం, ఒకరి వీపు ఒకరు వినడం, అన్నీ నేర్పాను. తిట్టి నేర్పాను. నిన్న ఆరో మేడలో ఒకావిడ పసిదాన్ని నా ఒళ్లో పెట్టి, నీ పేరే పెట్టామంది. నూకరత్నం. నాకే నచ్చని పేరు, పాపం ఆ పిల్లకెందుకో.

బుల్లెమ్మ పిన్ని నాకు రోజూ అన్నం పంపుతోంది. వద్దంటే, "ఒక్కత్తివీ వండుకుని ఏం తింటావులేమ్మా, మాకోసం తిరుగుతున్నావు కదా" అంటుంది. వాళ్లకోసం కాదని చెప్పలేదు. చెప్పి ఏం చేస్తాను.

రోజు 296. లెక్క: 34

ఇవాళ్టితో తిరగడం ఆపేశాను. ఈ నెలలో లెక్క మరీ మెల్లబడింది. ఇంక అరవై తొమ్మిది రోజులున్నాయి, నాలుగు చాలు, అవి వాటంతటవే వస్తాయి. కాళ్లు నొప్పులని చెప్పాను. సాయంత్రానికి నాలుగిళ్లవాళ్లు నూనె పట్టుకొచ్చారు.

రోజు 341. లెక్క: 37

నా నెత్తిన నేనే మట్టి పోసుకున్నాను. నేను తిరగడం మానేసినా వీళ్లు మానలేదు. ప్రతి మేడలో ఇద్దరు ఆడవాళ్లు పొద్దున్నే బయలుదేరి అందరి వీపులూ వింటున్నారు. గంట గడవకముందే నా గడప మీద చెంబు. నేను పిలుస్తాను, పడవ వస్తుంది, మనిషి బతుకుతాడు. నా పట్టీలో మొదటి పేరు, తొంభై ఒక్కేళ్ల ముసలమ్మ, అవకాశం సున్నా పాయింటు ఎనిమిది. నిన్న నా ఎదురుగా కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకు తింది.

ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది కావాలి. ఒక్కటంటే ఒక్కటి. ఇరవై నాలుగు రోజులు.

జనానికి కూడా నా సంగతి తెలుసు. ఇక్కడ దాపరికాలు లేవు. తాతారావు బాబాయ్ మాస్కు కుడుతూ అందరి ముందూ అన్నాడు. "ఏమ్మా లెక్కలమ్మా, జనం చావట్లేదని బెంగెట్టుకున్నావా ఏంటి? మా అత్తని రాసేసుకో. ఆవిడెప్పుడూ పోతాను పోతానంటాది గానీ పోదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను మాట మాటకీ దగ్గుతున్నాడు, మాస్కుల దుమ్ము కాబోలు.

రోజు 352. లెక్క: 37

అనసూయ గారు తనిఖీకి వచ్చారు. పెట్టె చూశారు, పుస్తకం తిరగేశారు, నా గోడ మీది బూజు చూసి తుడిపించుకోవచ్చు కదమ్మా అన్నారు. వెళ్లేముందు పడవలో కూర్చుని అడిగారు.

"ఒకటి తక్కువ కదూ?"

అవునండి అన్నాను. అప్పుడు ఆరు రాసుకోమన్నాను, వినలేదు నువ్వు, అన్నారు. ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. పాఠంలో తప్పు దిద్దినట్టే అన్నారు. నాకు ఇరవై ఆరేళ్లు. ఇంకో పదమూడు రోజుల్లో నేనూ ఇక్కడ ఆరువందల చిల్లరలో ఒకదాన్ని అవుతానేమో. నా పేరు ఎవరో కొత్తవాళ్లు పట్టీలో రాసుకుని, మూడో మేడ, మూడో అంతస్తు, నీటికి పదకొండు మెట్లు అని నా పక్కన వేస్తారు. నా అవకాశం ఎంతో లెక్కవేసుకున్నాను. సున్నా పాయింటు సున్నా అయిదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

రోజు 364. లెక్క: 37

మధ్యాహ్నం ఒంటిగంటకి గడప దగ్గర చెంబు. ఇత్తడిది, అంచుకి తగరం అతుకు. తాతారావు ఇంటిది.

గోడకి చెవి ఆనిస్తే దగ్గు వినబడుతోంది. తడి దగ్గే, నాకు తెలుసు. వార్డు మొత్తానికి ఆ చప్పుడు నేర్పింది నేనే. బలమైన మనిషి కదా అని అతని పక్కన సున్నా పాయింటు సున్నా రెండు రాశాను. ఇరవై ఏళ్లుగా అందరి మాస్కుల్లో బూజూ దులిపి పీలుస్తున్నాడని ఆలోచించలేదు. నా లెక్కలో వృత్తికి గడి లేదు.

పెట్టె దగ్గర కూర్చున్నాను. తాతారావు అని పేరు రాశాను. వేలు ఆనించలేదు. పావుగంట అలా కూర్చుని పేరు చెరిపేశాను.

చెంబు బోర్లించే ఉంటే వాళ్లు గుమ్మం దాకా వచ్చి అరుస్తారు. అరిస్తే పది మంది వస్తారు. అప్పుడు పిలవకుండా ఉండలేను. అందుకని బయటికి వెళ్లి, వంగి, చెంబుని నిలబెట్టి లోపలికి వచ్చేశాను.

ఎవరూ రాలేదు. ఒంటిగంట నుంచి ఏడింటి దాకా నా గది తలుపు తీసే ఉంది, ఒక్కరూ రాలేదు. గోడ అవతల బుల్లెమ్మ పిన్ని అంటూనే ఉంది, వచ్చేస్తాది, పడవ వచ్చేస్తాది, లెక్కలమ్మ చూసింది, కాస్త ఓర్చుకో అని. వేపాకు ఆవిరి వాసన నా గదిలోకి వచ్చింది. నేను లేవలేదు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరవడమెందుకు అనుకున్నాను. వెరపు మాత్రం పోలేదు.

రోజు 365. లెక్క: 38

పొద్దున ఎనిమిదింబావుకి తాతారావు పోయాడు. ఎనిమిదిన్నరకి నమోదు చేశాను. పన్నెండుకి లెక్క మూశారు.

నమోదుకి శవాన్ని చూడాలి, వెళ్లక తప్పదు. బుల్లెమ్మ పిన్ని ఏడవడం ఆపి నా వైపు చూసింది. పడవ దారిలో ఆగిపోయిందామ్మా అని అడిగింది. అవును పిన్ని, చక్రానికి నాచు పట్టి నిలిచిపోయిందట, అన్నాను. ఈ పుస్తకంలో అబద్ధం రాయకూడదు గానీ నోటితో ఆడకూడదని నియమం లేదు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వేం చేత్తావులేమ్మా. చెంబు నిలబెట్టేవు, మా మరదలు చూసొచ్చి చెప్పింది. నీ పని నువ్వు చేసేవు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా అదే అన్నారు. రాత్రంతా నిద్ర లేనట్టుంది పిల్లకి, మొహం చూడండి పీక్కుపోయింది, అని నాకు మజ్జిగ తెప్పించారు. తాగాను. గొంతు దిగదేమో అనుకున్నాను, దిగింది.

గదికి వచ్చి ఈ పుస్తకం వెనకాల ఉన్న రోగి వివరాల పట్టీ నింపాను. రోగం: తడి దగ్గు. అడిగినవారు: బుల్లెమ్మ, భార్య. అడిగిన వేళ: ఒంటిగంట. పడవని పిలిచిన వేళ అన్న గడిలో ఏమీ రాయలేదు. నిన్నటి పేజీ చింపలేదు. చింపుదామని రెండుసార్లు పట్టుకున్నాను. చదివి నన్ను ఏం చేస్తారో చెయ్యనీ, ఎవరో ఒకరు నన్ను నాలుగు చివాట్లు పెట్టాలి.

మూసిన తర్వాత ముప్పయ్యో రోజు

ఇవాళ మౌఖిక పరీక్ష. కట్ట మీద, విభాగంలో, ముగ్గురు పరీక్షకులు. ఈ పుస్తకం వాళ్ల ముందు తెరిచి ఉంది, అంచుల నిండా ఎర్ర సిరా.

అనసూయ గారు ఒక్కో పేజీ చదువుతూ మార్కులు చెప్పారు. నూట పద్దెనిమిదో రోజు, ఎవరూ అడగకుండా పడవని పిలవాలన్న నిర్ణయం, రెండు మార్కులు తగ్గింపు. రెండువందల మూడో రోజు, వార్డు జనానికి శిక్షణ, మూడు మార్కులు తగ్గింపు. మా నూకరత్నం పాప పేరు కింద కూడా గీత ఉంది, పరిశీలకురాలు జనంతో కలిసిపోయింది అని. ఇక మూడువందల అరవై నాలుగో రోజు పేజీ వచ్చింది. నేను కుర్చీ అంచు పట్టుకున్నాను.

ఆ పేజీ అంచున ఇలా ఉంది. గడప దగ్గర పాత్ర బోర్లించడం అభ్యర్థన కాదు, నియమావళిలో అలాంటి పద్ధతి లేదు. అభ్యర్థన లేనప్పుడు పిలవకపోవడం ఆపడం కాదు. పాత్ర చూసి కూడా పరిశీలకురాలు జోక్యం చేసుకోని దినం ఏడాది మొత్తంలో ఇదొక్కటే. పూర్తి మార్కులు.

పెట్టెలో పేరు రాసి చెరిపేశానండి, అన్నాను. చూశాం అన్నారు రెండో పరీక్షకుడు. చెరపడం దిద్దుబాటు కిందికి వస్తుంది, పరవాలేదన్నారు. అది కాదండి, కావాలనే పిలవలేదు, నాకు ఒకటి తక్కువైంది, అని గట్టిగానే అన్నాను. గదిలో ఎవరూ ఉలిక్కిపడలేదు. మూడో ఆయన గడియారం చూసుకున్నారు.

అనసూయ గారు పుస్తకం నా వైపు తిప్పారు.

"ఒక్క సవరణ చెయ్యమ్మా, పట్టా ఇచ్చేస్తాం. అడిగినవారు అన్న గడిలో పేరు రాశావు. ఎవరూ అడగలేదు కదా, కొట్టెయ్."

కలం ఇచ్చారు. కొట్టెయ్యనని చెప్పడానికి నాకు కావలసినంత వ్యవధి ఇచ్చారు, ఎవరూ తొందరపెట్టలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. పందొమ్మిదో వార్డుకి ఇంకో ఏడాది అందరికీ పడవ వస్తుంది, నేను ఆ మూడో మేడకే తిరిగి వెళతాను. పిన్ని అన్నం కూడా పెడుతుంది. బుల్లెమ్మ పేరు మీద గీత గీశాను. కాగితం పలచన, కలం అవతలి పేజీలోకి దిగబడింది.

అందరూ అభినందించారు. స్వీటు పెట్టారు. ముప్పై ఎనిమిది, కింది హద్దు మీద సరిగ్గా కూర్చుంది, ఇంత ఇరుకు హద్దుతో ఈ విభాగంలో ఎవరూ పాసవ్వలేదని రెండో పరీక్షకుడు చెప్పారు. డిస్టింక్షన్. కట్ట మీద ఇంటి తాళం ఇచ్చారు, కిటికీలు రెండు వైపులా ఉన్నాయట. గోడలు పొడిగా ఉంటాయట.

సాయంత్రం నుంచే పని మొదలు. పందొమ్మిదో వార్డుకి వచ్చే ఏటి జాబితా, నలభై పేర్లు, రేపటికల్లా పడవల ఆఫీసుకి చేరాలి. అందరి వివరాలూ కొత్తగా ఎక్కించి, లెక్క మళ్లీ నడిపాను. ఈసారి వృత్తికి గడి పెట్టాను. ఇంట్లో మనిషి పోయినవాళ్లకి మొదటి ఏడు అవకాశం బాగా పెరుగుతుందని పాత వార్డుల లెక్కలన్నీ చెబుతున్నాయి కాబట్టి దానికీ ఒక గడి పెట్టాను. ఈసారి లెక్క చాలా మెరుగ్గా వచ్చింది.

నలభై పేర్లు చేత్తో రాసి సంతకం పెట్టాలి, అది నియమం. ఆరో పేరు దాకా గబగబా రాశాను. ఏడో పేరు బుల్లెమ్మ, ముప్పై తొమ్మిదేళ్లు, మూడో మేడ, ఇప్పుడు మాస్కుల పని ఆమెదే, భర్త పోయి నెల. సున్నా పాయింటు మూడు ఒకటి. రాశాను. ఎనిమిదో పేరు రాశాను. నలభై అయ్యాక కింద నూకరత్నం, ఎమ్మెస్సీ అని సంతకం పెట్టాను.